భయపడొద్దని వచ్చే కార్డు

అమ్మలారా, అయ్యలారా, సహోదరులారా, అందరికీ యేసయ్య పేరు మీద నా వందనాలు. మైకు పట్టుకొన్నందుకు కొంచెం, గుండె జబ్బున్నందుకు కొంచెం, నాకు ఆయాసంగా ఉండాది. మాట్లాడతా మాట్లాడతా మధ్యలో ఆగిపోతే ఎవురూ కంగారు పడొద్దండి, ఒక కుర్చీ వేస్తే సాలు, మళ్ళీ మొదలుపెడతాను. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యమంటే అంతా అయిపోయినాక చెప్పేది మన ఆనవాయితీ. రోగం పోయినాక, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినాక, మంచి చీర కట్టుకొని వచ్చి ఈడ నిలబడతారు. నేనట్ల కాదు. రేపు పోయి తిరుపతిలో ఆస్పత్రిలో చేరాల, ఎల్లుండి నాకు ఆపరేషన్. గుండెలో కవాటం పాడైపోయింది, ఛాతీ కోసి, గుండెని కాసేపు ఆపి, ఆ కవాటం మార్చి, మళ్ళీ నడిపిస్తారంట. నేను లేసొస్తానో లేదో నాకు తెలీదు. అయినా దేవుడు నన్ను దేంట్లోంచి విడిపించినాడో అది ఇప్పటికే జరిగిపోయింది గాబట్టి, పాస్టరు అయ్యగారిని అడిగి ముందుగానే నిలబడినాను. దేవునికే మహిమ.

నేనెంత పిరికిదాన్నో ఈడ సగం మందికి తెలుసు, తెలీనోళ్ళకి చెప్తాను. మాది ఈ నగరి ఊరే. మా నాయన కూలికి పవర్‌లూమ్ మగ్గం నడిపేవాడు, బడి వదిలినాక నేను పోయి, మగ్గంలో అటూఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు అందిస్తా ఉంటిని. ఒకనాడు నాడె దారి తప్పింది. మగ్గంలోంచి రివ్వున ఎగిరొచ్చి నాయన కంటికి కొట్టింది. నాయన అరవలేదు. కన్ను మూసుకొని కింద కూలబడి, "పాపా, మగ్గం ఆపు" అన్నాడు. మీట నా పక్కనే ఉండాది, నాకు చెయ్యి లేవలేదు సహోదరులారా, రక్తం చూస్తా అట్లనే నిలబడిపోయినాను, పక్క మగ్గం ఆయన పరిగెత్తుకొచ్చి ఆపినాడు. నాయనకి ఆ కన్ను పోయింది. ఒక్క కన్నుతోనే ఆయన మళ్ళీ మగ్గం నడిపినాడు, మమ్మల్ని సాకినాడు. నేను మాత్రం ఆ పొద్దు నుంచి అన్నిటికీ భయపడడం మొదలుపెట్టినాను.

కుక్కంటే భయం, ఉరుమంటే భయం, ఎవరన్నా గట్టిగా పిలిస్తే భయం, పిలవకపోతే ఇంకా భయం. ఆ మీదట నాకు కీళ్ళు వాచి జ్వరమొచ్చింది. జ్వరం పోయింది గానీ గుండెని పట్టుకొని పోయిందని చిత్తూరు డాక్టరు చెప్పినాడు. నెలనెలా సూది ఏయించుకోవాల. సూది పొద్దు వచ్చిందంటే నేను అటక మీద దాక్కొనేదాన్ని, మా అమ్మ కింద నిలబడి తిట్టేది, నాయన మాత్రం నిచ్చెనెక్కి వచ్చి నా పక్కన కూర్చొని, నేను దిగిందాకా ఆడనే ఉండేవాడు. ఆయన్ని తలుచుకొంటే ఇప్పటికీ నా కండ్లలో నీళ్ళొస్తాయి.

పెండ్లి వయసొచ్చింది. గుండె జబ్బు పిల్లని ఎవురు చేసుకొంటారు? వచ్చినోళ్ళు కాఫీ తాగి, సంగతి తెలుసుకొని, మళ్ళీ చెప్పి పంపుతామని లేసిపోతాండ్రి. అప్పుడు మా నాయన అక్క, అదో ముందు వరసలో చాప మీద కూర్చోనుండాదే, మా అత్త రత్నమ్మ, ఆమె వచ్చింది. ఆమె మొగుడు చిన్న వయసులోనే చనిపోతే, ఆ దుఃఖంలో యేసయ్యని నమ్ముకొనింది. చుట్టాలంతా ఆమెని దూరం పెట్టినారు, మా నాయన ఒక్కడే పోతా వస్తా ఉండె. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి, "తమ్ముడా, నీ బిడ్డని నాకియ్యి, నా కొడుక్కి చేసుకొంటాను" అనింది. నాయన, "అక్కా, దానికి గుండె సరిలేదు, తెలుసు గదా" అన్నాడు. "నాకు బాగున్న గుండెతో పని లేదు, బిడ్డతో పని" అనింది. ఆ మాట విని నేను తలుపు చాటున ఏడ్చినాను. సంతోషానికి కొంచెం, ఆమె ఇంటికి పోవాలనే భయానికి కొంచెం.

మా అత్త సంగతి మీకు నేను చెప్పాల్నా! మా వీధిలో అందరికీ ఆమె పాట తెలుసు. కరెంటు పోయి మగ్గాలు ఆగిపోతే సాలు, ఆమె గొంతెత్తి యేసయ్య పాట అందుకొంటుంది. "రత్నమ్మ పాట ఎత్తిందంటే కరెంటు పోయినట్టే" అని వీధంతా నవ్వుకొంటారు. చదువు రాదు, అచ్చరం ముక్క తెలీదు, పాటలన్నీ నోటికొచ్చు. మొగుడు పోయినాక రాట్నం మీద కండెలు చుట్టి కొడుకుని పెంచింది, ఎవురి ముందరా తలొంచలేదు. కొత్త కోడలుగా నేను ఆమెని చూస్తా, ఈ మనిషిని దేవుడు ఏ మట్టితో చేసినాడబ్బా అని ఆశ్చర్యపోతా ఉంటిని. ఆమె ప్రార్థన విని విని, ఆమె దేవుడే నాకు కావాలనుకొని నేను బాప్తిస్మం తీసుకొన్నాను.

నేను కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్లు భయపెట్టినారు, ఈ గుండెతో కాన్పు కష్టమన్నారు. నొప్పులొచ్చినాయి, పెద్దాస్పత్రికి తీసకపోయినారు. నన్ను లోపలికి తోసుకొని పోతాంటే నేను తలుపు పట్టుకొని వదల్లేదు. అత్త వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ తలుపు మీద నుంచి ఊడదీసి, "నేను ఈడనే ఉంటాను, నా గొంతు వింటా ఉండు" అనింది. తలుపు మూసినారు. ఆమె వరండాలో పాట ఎత్తింది. నర్సు వచ్చి తిట్టింది, ఇది ఆస్పత్రి, ఊరేగింపు కాదు అని. అత్త పాట ఆపలేదు, గొంతు తగ్గించింది అంతే. నేను లోపల ఆ సన్నటి గొంతునే వింటా బిడ్డని కన్నాను. తల్లీ బిడ్డా ఇద్దరం బాగున్నాము, దేవునికే మహిమ, ఆ బిడ్డే ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ చదవతాంది.

ఇంత చూసినాక నా భయం పోవాల గదా. పోలేదు సహోదరులారా. యేసయ్య దగ్గరికైతే వచ్చినాను గానీ నా శకునాల మూట కూడా ఎత్తుకొచ్చినాను. పిల్లిని, బల్లిని వదిలేసినాను, వాటి బదులు ఇంకోటి పట్టుకొన్నాను. ఏందంటే, మన సంఘంలో కొత్త సంవత్సరం మొదటి రోజు ఆరాధనలో పళ్ళెం తిప్పుతారు, దాంట్లో వాగ్దాన కార్డులు బోర్లించి పెట్టింటారు, తలా ఒకటి తీసుకొంటాము, ఈ ఏడాదికి దేవుడు నాకిచ్చిన మాట ఇది అని. నేను తీసుకొన్న మొదటి కార్డులోనే భయపడొద్దని చెప్పే వాక్యం వచ్చింది. ఆ ఏడాదే మా నాయన చనిపోయినాడు. ఇంకో ఏడాది మళ్ళీ అట్లాంటి వాక్యమే వచ్చింది, కడుపులో ఉన్న రెండో బిడ్డ నిలవలేదు. నా బుర్రకి అర్థమైపోయింది, ఇది హెచ్చరిక అని. ఉత్తపుణ్యానికి ఎవురన్నా భయపడొద్దని చెప్తారా? మనం బస్సులో పోతాంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఎవురూ భయపడొద్దండి" అన్నాడంటే మనకేమనిపిస్తుంది చెప్పండి?

నవ్వండి, నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతాండాను. అప్పుడు మాత్రం కొత్త సంవత్సరం వస్తాందంటే అందరూ బట్టలు కొనుక్కొంటాంటే నాకు వణుకు పుట్టేది. పళ్ళెం నా వరసకి వచ్చేటప్పుడు చేతులు చల్లబడిపోయేవి. ఏమి విచిత్రమో గానీ నాకెప్పుడు తీసినా ఆ మాటే వస్తుంది, వేరే వాక్యమైనా దాంట్లో ఆ మాట ఉంటుంది. నా మొగం చూసి అత్త, "ఏం వచ్చిందే, చదువు" అనేది. నేను చదివితే, వెంటనే నా చేతిలో కార్డు లాక్కొని తనది నాకిచ్చేసేది, "ఇదిగో, నాది నువ్వు తీసుకో, దీంట్లో ఆశీర్వాదం అని ఉండాదంట" అని. ప్రతి ఏడాదీ ఇదే తంతు. నేనేమనుకొన్నానంటే, పాపం, నా మీదికొచ్చే గండాన్ని అత్త తన నెత్తిన వేసుకొంటాంది అనుకొన్నాను. ఆ ఏడాదంతా ఆమెకి ఏమవుతుందో అని కాచుకొనుండేదాన్ని. ఆమెకి జలుబు కూడా చేయదు. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు, ఆమె విశ్వాసం అంత గట్టిది గాబట్టి గండం తప్పిపోతాంది అనుకొన్నాను.

ఇట్ల ఉండంగా, పోయిన ఏడాది నాకు ఆయాసం ముదిరింది. నాలుగు బట్టలు పిండితే కూర్చోవాల, మిద్దె మెట్లెక్కితే కండ్లు చీకట్లు. మా ఆయన నన్ను తిరుపతికి తీసకపోయినాడు. పరీక్షలన్నీ చేసి, ఒక డాక్టరమ్మ, వయసులో చిన్నదే గానీ ఎంతో ఓపికగా, కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పింది, కవాటం మార్చకపోతే గుండె ఎక్కువ రోజులు తట్టుకోదు, ఆలస్యం చేయొద్దు అని. అంతవరకూ బాగానే విన్నాను. గుండెని కాసేపు ఆపుతాము అనింది. ఆ మాట తరవాత ఆమె చెప్పిందేదీ నా చెవిలో పడలేదు. మా ఆయన మందుల కోసం వరసలో నిలబడినాడు, నేను కాఫీ తాగొస్తానని చెప్పి బయటికొచ్చి, ఆటో పట్టుకొని బస్టాండుకి పోయి, నగరి బస్సెక్కేసినాను. పుత్తూరు దాటినాక ఆయనకి ఫోన్ చేసినాను. పాపం ఆయన ఆస్పత్రంతా నన్ను వెతుకుతాండాడు. ఒక్క మాట కూడా అనలేదు, "సరే, జాగర్తగా ఇంటికి పో" అన్నాడు.

ఇంటికైతే వచ్చినాను, సంఘంలో అడిగేవాళ్ళకి ఏమని చెప్పేది? భయమేసి పారిపోయొచ్చినానని చెప్పడానికి సిగ్గేసింది. అందుకని ఆదివారం ఆరాధనలో నిలబడి, "నాకు కత్తి వద్దు, నా దేవుడే నన్ను ముట్టి బాగుచేస్తాడు" అని చెప్పినాను. అబ్బా, ఆ మాటకి ఎంత గౌరవమొచ్చిందో! అక్కలంతా నా చేతులు పట్టుకొని, ఎంత విశ్వాసమమ్మా నీది అన్నారు. ఇంటికొచ్చి నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టినారు. దేవుడు ఆపరేషన్ లేకుండా బాగుచేయలేడని నేను అనడం లేదు, ఆయన చేయగలడు, ఎంతమందికో చేసినాడు. కానీ నాకు ఆయన అట్లని ఏమీ చెప్పలేదు. భయానికి విశ్వాసమని పేరు పెట్టి నేనే మోసుకొని తిరిగినాను, రోజురోజుకీ నా ఊపిరి తగ్గిపోతా వచ్చింది.

ఒకనాడు మధ్యాన్నం కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒకేసారి ఆగిపోయినాయి. అత్త రాట్నం ముందర కూర్చొని ఎప్పటిమాదిరే పాట ఎత్తింది. నేను గడప మీద కూర్చొని ఆయాసపడతా, కొంచెం ఎగతాళిగానే, "నీకేమత్తా, నీ గుండె రాయి. నీకున్న ధైర్యంలో రవ్వంత నాకుంటే నేనూ ఇట్లనే పాడుకొంటా ఉందును" అన్నాను.

అత్త పాట ఆపేసింది. పాట మధ్యలో ఆమె ఆపడం నేనెప్పుడూ చూడలేదు. నా పక్కకి జరిగొచ్చి కూర్చొనింది.

"ఎవురే నీకు చెప్పింది నాకు ధైర్యముండాదని?" అనింది. "మీ మామ పోయిన పొద్దు కూడా ఇట్లనే మధ్యాన్నం. నడిపేవాడు లేక ఇంట్లో మగ్గం ఆగిపోయె. ఇల్లంతా సద్దు లేకుండా అయిపోయె. అప్పట్నుంచి సద్దు లేకుంటే నాకు ఊపిరాడదు, యాడన్నా పరిగెత్తిపోదామా అనిపిస్తాది. అందుకే గొంతెత్తి పాడతాను. పాడకుంటే ఏడుస్తాను. మీరంతా రత్నమ్మకి ఎంత భక్తి అంటాండ్రి, పోనీలే అని నేనూ ఊరుకొంటిని."

"మరి ఆ కార్డులు? నా గండం నువ్వెత్తుకొంటాండావని నేను ఏడాదేడాదీ వణికిపోతాంటిని గదత్తా" అన్నాను.

"గండమా? యాడి గండమే?" అని నన్ను పైకీ కిందికీ చూసింది. "ఆ మాట నాకు కావాల్సి తీసుకొంటిని. భయపడొద్దు అని దేవుడు నీకే చెప్తాండాడు, నాకొక్క తూరి కూడా రాలేదు ఆ కార్డు. నాకు కడుపు మంటగా ఉండె. నా భయం నీకేం తెలుసు, రాత్రిళ్ళు దిండు కింద పెట్టుకొని పడుకొంటాను వాటిని. చదవను రాదు గానీ ఆ మాట దాంట్లో ఉండాదని తెలుసు గదా." మళ్ళీ తనే అనింది, "భయం లేనోళ్ళకి భయపడొద్దని ఎవురన్నా చెప్తారే పిచ్చిదానా?"

ఆమె అంతటితో వదల్లేదు. "ఆదివారం నిలబడి చెప్పినావే, నాకు కత్తి వద్దు, దేవుడే బాగుచేస్తాడని, అది నా పాట లాంటిదే. వింటానే కనిపెట్టినాను. పాడొద్దని నేననను. పాడతా పాడతా ఆస్పత్రికి పో" అనింది. నేను ఏడుస్తా, "గుండె ఆపుతారంట అత్తా" అన్నాను. ఆమె రాట్నం పక్కన తెగిపడిన నూలు పోగు చేతికి తీసుకొని, "పోగు తెగితే, నడిచే మగ్గంలో చెయ్యి పెట్టి ముడేస్తామా? ఆపే గదా ముడేస్తాము" అనింది. నాయన బిడ్డని నేను, ఆ మాట నాకు ఎవురూ ఇడమర్చి చెప్పాల్సిన పని లేదు.

తరవాత నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పెద్ద ప్రార్థన కాదు. "యేసయ్యా, అత్తాకోడళ్ళు ఇద్దర్నీ పిరికోళ్ళనే తెచ్చి ఒకే ఇంట్లో పెట్టినావు. నీకు నవ్వులాటగా ఉన్నట్టుండాది. సరే, మేము వణుకుతానే వస్తాము, నువ్వు మాత్రం చెయ్యి వదలొద్దు తండ్రీ. ఆమేన్." అంతే. కరెంటు ఇంకా రాలేదు, వీధంతా సద్దు లేకుండా ఉండాది, మేమిద్దరం అట్లనే గడప మీద కూర్చొనుంటిమి.

సహోదరులారా, ఆ మధ్యాన్నం నా మీద నుంచి ఏదో దిగిపోయింది. భయం పోయిందని నేను అబద్ధం చెప్పను. భయపడితే దేవుడికి నచ్చదేమో, నాకు విశ్వాసం లేదేమో, ఏదో చెడు జరగబోతాందేమో అని ఇన్నేండ్లు మోసిన ఆ సిగ్గు పోయింది, ఆ దాపరికం పోయింది. దేవుడు నన్ను బెదిరించడానికి కాదు, నా పక్కన కూర్చోవడానికి ఆ మాట పంపిస్తా వచ్చినాడు. ఇంకొక సంగతి, ధైర్యముందని మా అత్తని ఇన్నేండ్లు మెచ్చుకొంటిని. అంత భయాన్ని లోపల పెట్టుకొని, కొడుకుని పెంచి, నన్ను తెచ్చుకొని, నా కాన్పు పొద్దు ఆ వరండాలో నిలబడి పాడిందని తెలిసినాక ఆమె నాకు ఇంకా పెద్దగా కనపడతాంది. ఆమె ఇప్పుడు తల దించుకొని కూర్చోనుండాది, నేను ఇంటికి పోతే నాకు తిట్లు తప్పవు. తిట్టనీండి. ఇట్లాంటి మనిషిని నాకు తల్లిగా ఇచ్చిన దేవునికి ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే.

మరుసటి రోజే మా ఆయనతో చెప్పినాను, తిరుపతికి ఫోన్ చేయమని. ఆయన బయటికి పోయి, గోడ వైపు తిరిగి కండ్లు తుడుచుకొని వచ్చి ఫోన్ చేసినాడు. ఆ డాక్టరమ్మ నన్ను గుర్తు పట్టి, "కాఫీ తాగడం అయ్యిందా అమ్మా" అనింది. ఈ సంగతి అయ్యగారికి కూడా చెప్పినాను, నేను విశ్వాసమన్నది విశ్వాసం కాదు అయ్యగారూ అని. ఆయన నవ్వి, "ఇప్పుడు చెప్పిందే విశ్వాసమమ్మా" అన్నాడు. నా కోసం ఉపవాసముండిన అక్కలకి కూడా చెప్తాండాను, మీ ప్రార్థన వృథా కాలేదు, మీరడిగిన బాగుని దేవుడు ఇట్ల మొదలుపెట్టినాడు.

మొన్న కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెం వచ్చింది. చేతులు ఎప్పటిమాదిరే చల్లబడినాయి. తీసినాను. మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అదే మాట. అత్త పక్కన కూర్చొని, చదవకముందే చెయ్యి చాపింది. నేను కార్డు గుండెలకి పెట్టుకొని, "ఈ ఏడాది ఇయ్యనత్తా, నాకే కావాల" అన్నాను. ఆమె మొగం మాడ్చుకొనింది. నిజంగానే కోపమొచ్చింది ఆమెకి, అటు తిరిగి కూర్చొనింది. ఆరాధన అయిపోయి చెప్పులేసుకొంటాంటే నా చెవి దగ్గరికొచ్చి, "సరేలే, ఇప్పుడు పెట్టుకో. ఆపరేషన్ అయినాక ఇంటికి తెచ్చి నాకియ్యాల, మర్చిపోయేవు" అనింది.

నేను అప్పటిదాకా ఎంతమందినో అడిగినాను, నేను తిరిగొస్తానా అని. డాక్టరమ్మని అడిగినాను, మా ఆయన్ని అడిగినాను, మోకరించి దేవుణ్ణి అడిగినాను. జవాబు మా అత్త నోట్లోంచి అట్ల గొణుగుడుగా వచ్చింది. తిరిగి రాని మనిషిని, కార్డు ఇంటికి తెమ్మని ఎవురూ అడగరు గదా.

అమ్మలారా, అయ్యలారా, మీలో భయపడేవాళ్ళు ఎవరన్నా ఉంటే, పరీక్షలకి భయపడే పిల్లలు గానీ, బిడ్డల గురించి భయపడే తల్లులు గానీ, మంచంలో ఉండి రాబొయ్యేదానికి భయపడే పెద్దోళ్ళు గానీ, భయం పోయినాక యేసయ్య దగ్గరికి వస్తామని కూర్చోవద్దండి. అట్ల కూర్చొంటే ఎప్పటికీ రాలేము. వణుకుతానే రండి, సిగ్గుపడకుండా ఆయనకి చెప్పుకోండి, మీ పక్కనున్నోళ్ళకి కూడా చెప్పుకోండి, వాళ్ళు కూడా వణుకుతానే ఉంటారు. ఎల్లుండి పొద్దున నన్ను లోపలికి తీసకపోతారు. ఈ తూరి తలుపు పట్టుకోను. మా అత్త వరండాలో ఉంటుంది, ఎవురన్నా తిడితే గొంతు తగ్గిస్తుంది. మీరు ఈడ మీ ఇండ్లలో ప్రార్థన చేయండి. నా ప్రాణం ఇచ్చిన దేవునికి, ఇంతవరకూ నడిపించిన దేవునికి మహిమ కలుగును గాక.

భయంగానే ఉండాదండి. అయినా పోయొస్తాను.